మా రోజుల్లో ప్రోబ్ కొరియర్‌లో వచ్చేది కాదు

ఇప్పటి ల్యాబ్ పిల్లలకి ప్రోబ్ అంటే, అదే జన్యువు జాడ పట్టే డీఎన్ఏ ముక్క, థర్మాకోల్ పెట్టెలో, చల్లటి జెల్ ప్యాకుల మధ్య వచ్చే వస్తువు. మూత తీస్తారు, పది మైక్రోలీటర్లు స్లైడ్ మీద వేస్తారు, కవర్‌స్లిప్ పెడతారు. మర్నాడు మైక్రోస్కోప్ కింద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కనపడగానే "వచ్చింది సార్" అంటారు. ఏం వచ్చిందమ్మా అంటే "సిగ్నల్ వచ్చింది సార్". అది దేని సిగ్నల్, ఆ చిన్న గొట్టంలో ఉన్న డీఎన్ఏ ఏ క్రోమోజోమ్‌లో ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా తీసిన ముక్క అని అడిగితే మాత్రం డబ్బా తిప్పి చూస్తారు. డబ్బా మీద జన్యువు పేరు, లాట్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. అడుగున చిన్న అక్షరాల్లో "పరిశోధనకు మాత్రమే" అని ఉంటుంది.

నా గొడవంతా ఆ చిన్న అక్షరాల దగ్గరే. లోపలున్నది సరైనదో కాదో చూసుకునే పూచీ మాది కాదు, మీది అని కంపెనీవాడు ముందే చేతులు దులుపుకున్నాడన్నమాట. ల్యాబ్‌లో చూస్తే ఆ పూచీ నెత్తిన వేసుకున్నవాడు ఒక్కడూ కనపడడు. కంపెనీ చూసే ఉంటుందని వీళ్లు, వీళ్లు చూసుకుంటారని కంపెనీ. మధ్యలో ప్రోబ్ ఎవరూ చూడకుండానే పరిశోధనా పత్రంలోకి ఎక్కేస్తుంది.

నేను హైదరాబాదులో క్రోమోజోముల పనిలోనే జుట్టు నెరిపించుకుని రిటైరైనవాణ్ని. పిలిస్తే ల్యాబ్‌కి వెళ్తుంటాను. పిలవకపోయినా వెళ్తుంటాను. సణుగుతాడని వెనకాల అనుకుంటారని తెలుసు. అనుకోనీ.

మా రోజుల్లో క్రోమోజోమ్‌ని శుభ్రంగా చూడడమే ఒక విద్య. మనిషికి క్రోమోజోములు 46 అని లోకానికి తెలిసిందే 1956లో, త్యో, లెవాన్ లెక్కపెట్టి చెప్పాక. అంతకు ముందు ముప్ఫై ఏళ్లకు పైగా 48 అనే పాఠాలు చెప్పారు. ఆ లెక్క తేలడానికి కారణం కణాల్ని పలచని ఉప్పునీళ్లలో ఉబ్బించే పద్ధతి. దాన్ని 1952లో టి.సి. హ్సు బయటపెట్టాడు, అదీ ల్యాబ్‌లో ఎవరో ద్రావణం తప్పుగా కలిపిన పుణ్యాన. మేం రక్తాన్ని మూడు రోజులు కల్చర్ చేసేవాళ్లం. కణాలు విభజనకి సిద్ధం కావడానికి రాజ్మా గింజల నుంచి తీసిన పదార్థం ఒకటి కలిపేవాళ్లం. విభజన మధ్యలో, అంటే మెటాఫేజ్ దశలో, ఆగిపోవడానికి కాల్చిసిన్, ఉబ్బడానికి పొటాషియం క్లోరైడ్, గట్టిపడడానికి మూడు పాళ్ల మిథనాల్‌కి ఒక పాలు ఎసిటిక్ ఆసిడ్. అప్పుడు స్లైడ్ మీద పైనుంచి ఒక్క చుక్క వదిలేవాళ్లం.

ఆ చుక్క సంగతి ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయరు. మే నెలలో హైదరాబాదు గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసుగా. మిథనాల్ టక్కున ఆరిపోతుంది, క్రోమోజోములు పరుచుకునే వ్యవధి ఉండదు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్ద కడతాయి. జూలైలో వాన పడుతుండగా అదే చుక్క, అదే చెయ్యి, అద్భుతంగా పరుచుకుంటాయి. అందుకని ఎండాకాలంలో స్లైడ్‌ని వేడినీళ్ల ఆవిరి మీద పట్టి, ఆ తడి పోయేలోపు చుక్క వేసేవాళ్లం. ఇప్పుడు తేమనీ ఉష్ణోగ్రతనీ అదుపులో పెట్టే పెట్టె వచ్చింది. మంచిదే, కాదనను. కానీ ఆ పెట్టె మీద దుమ్ము పట్టి ఉంది. మెటాఫేజ్ స్లైడ్ వేసేవాడు ఉంటేగా!

ఆ తర్వాత ట్రిప్సిన్, జీమ్సా రంగు, చారలు. ట్రిప్సిన్ కొద్ది సెకన్లు ఎక్కువైతే క్రోమోజోమ్ దూదిపింజై ఊరుకుంటుంది. ఫొటో తీసి, చీకటిగదిలో కడిగి, ప్రింటు వేసి, కత్తెరతో ఒక్కో క్రోమోజోమ్‌నీ కత్తిరించి, అట్ట మీద జతలు జతలుగా అంటించేవాళ్లం. ఫ్యాన్ వేస్తే ఊరుకునేవాళ్లం కాదు, ఎగిరిపోతాయని. ఇదేదో పేద దేశంలో మేం పడ్డ పాట్లు అనుకోకండి. షికాగోలో జానెట్ రౌలీ భోజనాల బల్ల మీద ఇదే పని చేసుకుంది. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఒక రకం రక్త క్యాన్సర్‌లో పొట్టి క్రోమోజోమ్‌ని చూశారు. దాని ముక్క ఏమైందో పదమూడేళ్లపాటు ఎవరికీ తెలీదు. ఊడి పోయిందనుకున్నారు. పోలేదు, 22వ క్రోమోజోమ్ ముక్క 9వ దాని మీదికి వెళ్లి కూర్చుంది, ఇద్దరూ ముక్కలు మార్చుకున్నారు అని 1973లో రౌలీ తేల్చింది. కత్తెర, జిగురు, కళ్లు. అంతే సామగ్రి.

ప్రోబ్‌ల కథ దానికి సమాంతరంగా నడిచింది. డీఎన్ఏ రెండు పోగుల్ని వేడిచేసి విడదీస్తే, మళ్లీ తన జోడీ ఎక్కడుందో వెతుక్కుని అతుక్కుంటుంది. మనకి తెలిసిన ముక్కకి ఏదైనా గుర్తు తగిలించి కణంలోకి పంపితే, అది వెళ్లి తన చోట కూర్చుంటుంది. 1969లో యేల్‌లో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ దీన్ని చేసి చూపించినప్పుడు ఆ గుర్తు రేడియోధార్మికం. స్లైడ్ మీద ఫొటో ఎమల్షన్ పూసి, చీకటిపెట్టెలో పెట్టి, వారాలు, ఒక్కోసారి నెలలు ఆగితేగానీ నల్లటి రేణువులు కనపడేవి కావు. ఆ పని చేసిన పెద్దవాళ్ల దగ్గర నేను పాఠం నేర్చుకున్నాను. ఫలితం కోసం అన్నాళ్లు ఆగాల్సినవాడు ప్రయోగం మొదలుపెట్టేముందే పదిసార్లు ఆలోచిస్తాడు. ఇప్పుడు ఓవర్‌నైట్‌లో వచ్చేస్తుంది కదా, ఆలోచన సంగతి మర్నాడు చూద్దాంలే అన్నట్టుంది.

మెరిసే రంగులు 1980ల్లో వచ్చాయి. యేల్‌లోనే డేవిడ్ వార్డ్ బృందం 1981లో డీఎన్ఏ అక్షరానికి బయోటిన్ తగిలించింది. బయోటిన్‌ని అవిడిన్ వదలదు, అవిడిన్‌కి మెరిసే రంగు తగిలిస్తే చుక్క వెలుగుతుంది. 1986లో లివర్‌మోర్‌లో పింకెల్, స్ట్రామే, గ్రే ఆ వెలుగుని పొర మీద పొర వేసి పెంచే పద్ధతి చెప్పారు. 1990లో అదే రౌలీ చెప్పిన 9, 22 మార్పిడిని విభజన జరగని కణంలో కూడా రెండు రంగుల చుక్కలతో చూపించారు. ఈ మెరిసే చుక్కల పద్ధతే ఫిష్. కల్చర్ లేదు, మెటాఫేజ్ లేదు, నిద్రపోతున్న కణంలోనే జన్యువు విరిగిందో లేదో తెలిసిపోతుంది. ఆ వార్త విన్నప్పుడు మేం ఎగిరి గంతేశాం. అదే వార్త ఒకనాడు పిల్లల్ని మెటాఫేజ్ వైపు చూడకుండా చేస్తుందని అప్పుడు తోచలేదు.

ఇక మా ప్రోబ్‌ల తయారీ. విదేశీ డబ్బా కొనాలంటే ఏడాది గ్రాంటులో సగం పోయేది, అందుకని మేమే చేసుకునేవాళ్లం. మానవ జన్యుపటం కోసం అమెరికాలో బఫెలోలో కట్టిన ఆర్‌పీ11 అనే క్లోన్ల గ్రంథాలయం ఉంది. ఒక్కో క్లోన్‌లో మనిషి డీఎన్ఏ ముక్క, లక్షన్నర అక్షరాలకి అటూఇటూగా, బాక్టీరియా కడుపులో ఉంటుంది. జన్యుపటంలో మనకి కావలసిన చోటు చూసుకుని, ఏ క్లోన్ సరిపోతుందో ఎంచుకుని తెప్పించుకోవాలి. చిన్న గొట్టంలో అగర్‌లో గుచ్చి పంపేవాళ్లు. క్లోరామ్‌ఫెనికాల్ వేసిన ప్లేట్ మీద గీసి, రాత్రంతా పెంచి, డీఎన్ఏ తీసి, దానికి రంగు ఎక్కించాలి. డీఎన్‌ఏజ్ అనే ఎంజైమ్ పోగు మీద అక్కడక్కడా గాట్లు పెడుతుంది, పాలిమరేజ్ ఆ గాట్ల దగ్గర పాత అక్షరాలు తీసి రంగు అక్షరాలు పెడుతుంది. 15 డిగ్రీల దగ్గర సుమారు రెండు గంటలు. తర్వాత కాస్త తీసి జెల్ మీద పరిగెత్తించి చూడాలి. ముక్కలు 200 నుంచి 500 అక్షరాల మధ్య ఉండాలి. పెద్దవిగా ఉంటే కణంలోకి సరిగ్గా దూరవు, స్లైడంతా చుక్కలు చల్లినట్టు మెరుస్తుంది. మరీ చిన్నవైతే చుక్క మసకబారిపోతుంది. గాట్ల ఎంజైమ్ ఒక సీసా ఉన్నట్టు ఇంకో సీసా ఉండేది కాదు. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ ఎంత వెయ్యాలో మళ్లీ మొదట్నుంచీ తేల్చుకోవాల్సిందే.

అయిపోయిందా? లేదు. మనిషి డీఎన్ఏలో సగానికి సగం ఒకే పాటని మళ్లీ మళ్లీ పాడుతుంటుంది. ఆ పాట మన ముక్కలోనూ ఉంటుంది కాబట్టి అది ప్రతి క్రోమోజోమ్ మీదా అతుక్కుంటుంది. దాన్ని మూయించడానికి ఆ పాటే నిండిన కాట్-1 డీఎన్ఏ కలిపి, ఆల్కహాల్‌తో దింపి, ఫార్మమైడ్, డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ ఉన్న ద్రావణంలో కరిగించి, ఆ పాట ముక్కలన్నీ కాట్-1తో జోడీ కట్టేదాకా 37 డిగ్రీల దగ్గర ఆగాలి. కవర్‌స్లిప్ అంచులు మూయడానికి విదేశాల్లో రబ్బర్ సిమెంట్ వాడేవాళ్లు. మేం సైకిల్ పంక్చర్ సొల్యూషన్ వాడాం, దివ్యంగా పనిచేసింది. తేమ గది అంటే తడి టిష్యూ పేపర్ పరిచిన ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు. వాటర్‌బాత్ 73 డిగ్రీలకి వచ్చే సమయానికి కరెంటు పోయిందంటే మాత్రం ఎవరి పేరు చెప్పి తిట్టుకోవాలో కూడా తెలిసేది కాదు.

చివర్న తప్పని పని ఒకటుండేది. ఆ ప్రోబ్‌ని ముందుగా మామూలు మనిషి మెటాఫేజ్ స్లైడ్ మీద వేసి చూడడం. అనుకున్న క్రోమోజోమ్ మీద, అనుకున్న పట్టీ దగ్గరే చుక్క పడిందా, వేరే ఎక్కడైనా కూడా పడుతోందా? పంపిన క్లోన్ చీటీ మీద రాసింది కాక వేరేది కావడం అరుదేమీ కాదు. ఈ సంగతి ఆ పని చేసిన ప్రతివాడికీ తెలుసు. క్రోమోజోమ్ మీద చూసేదాకా చీటీని నమ్మేవాళ్లం కాదు. సొంతంగా ప్రోబ్ చేసుకున్నది మేమొక్కళ్లమే కాదు. ఇక్కడి సీసీఎంబీ పరిశోధనా సంస్థలో లాల్జీ సింగ్ గారు కట్లపాము డీఎన్ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో 1980ల చివర్లో డీఎన్ఏ వేలిముద్రలు తీసి చూపించారు. ఆ ప్రోబ్ ఎక్కడా కొనుక్కొచ్చింది కాదు. హైదరాబాదు గాలిలో ఆ పట్టుదల ఉండేది. అది డబ్బాలో రాదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది బ్రేక్ అపార్ట్ ప్రోబ్. జన్యువు విరిగే చోటుకి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ ప్రోబ్ అతుక్కుంటాయి. జన్యువు బాగుంటే రెండూ కొంగుముడి వేసిన దంపతులు, పక్కపక్కనే ఉంటారు, కలిసి పసుపుగా కనపడతారు. జన్యువు విరిగి ముక్క వేరే చోటుకి పోతే ముడి విడిపోయి ఎరుపు ఒకచోట, ఆకుపచ్చ ఇంకోచోట తేలుతాయి. చాలా తెలివైన ఏర్పాటు. 11వ క్రోమోజోమ్ మీది కేఎమ్‌టీ2ఏ జన్యువు లాంటివి పదుల కొద్దీ వేరే జన్యువులతో అతుక్కుంటాయి. ఒక్కోదానికీ ఒక్కో ప్రోబ్ ఎక్కడ చేస్తాం? ఎవరితో పోయినా, ఇంటి నుంచి పోయిందన్న సంగతి మాత్రం ఈ ఒక్క ప్రోబ్ చెప్పేస్తుంది.

అయితే అది చెప్పేది అంతవరకే. ఎవరితో పోయిందో చెప్పదు. ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యువు ఈవింగ్ సార్కోమాలో విరుగుతుంది, నిజమే. అదే జన్యువు వేరే గడ్డల్లోనూ విరుగుతుంది, జోడీ మారుతుంది, జబ్బు మారుతుంది. చుక్కలు విడిపోయాయి కాబట్టి ఫలానా గడ్డే అని పత్రంలో రాసేస్తున్నారు. చెప్పినా వింటేగా.

ఇంకో చిత్రం చూడండి. 2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈఎమ్ఎల్4, ఏఎల్‌కే జన్యువులు కలిసిపోవడం కనిపెట్టింది. రెండూ 2వ క్రోమోజోమ్ పొట్టి చేతి మీదే ఉంటాయి, మధ్య దూరం కోటి అక్షరాల చిల్లర. ముక్క తలకిందులై అతుక్కోవడం వల్ల ఈ కలయిక వస్తుంది. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ ఏ మూలకో పారిపోవు. కాస్త ఎడంగా జరుగుతాయంతే. రెండు చుక్కల వెడల్పంత ఖాళీ ఉందా లేదా అన్నదాని మీద తీర్పు. పైగా కొన్ని కణాల్లో ఆకుపచ్చ పూర్తిగా పోయి ఒక్క ఎరుపే మిగులుతుంది. ఏఎల్‌కేలో పనిచేసే భాగం ఎరుపు వైపే ఉంది కాబట్టి అదీ పాజిటివే. ఒక్క ఆకుపచ్చే మిగిలితే దాన్ని అలా లెక్కపెట్టకూడదు. ఈ తేడా ఎందుకో తెలియకుండా కౌంటింగ్‌కి కూర్చుంటే కుడిఎడమలు తారుమారౌతాయి. 2011లో అమెరికాలో క్రిజోటినిబ్ మందుతోపాటు ఈ ప్రోబ్ కిట్‌కీ అనుమతి ఇచ్చినప్పుడు నియమం ఎంత కచ్చితంగా పెట్టారో చూడండి. మొదట 50 కణాలు చూడాలి. 25కి మించి పాజిటివ్ ఉంటే సరే, 5 కంటే తక్కువుంటే నెగటివ్. మధ్యలో ఉంటే ఇంకొకరు ఇంకో 50 కణాలు చూడాలి, ఇద్దరి లెక్కా కలిపి 15 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పాజిటివ్. రోగి కోసం వాడే కిట్‌కి ఇంత తతంగం. పరిశోధన ప్రోబ్‌కి ఆ నియమాలు కూడా ఎవరూ రాసిపెట్టరు, మనమే రాసుకోవాలి.

రాసుకుంటున్నారా? మొన్న ఒకబ్బాయిని అడిగాను.

"కటాఫ్ ఎంత పెట్టావు బాబూ?"

"పది శాతం సార్."

"ఎక్కణ్నుంచి వచ్చింది?"

"పేపర్‌లో ఉంది సార్."

"వాళ్ల స్లైడ్ మందం ఎంత? వాళ్ల పెప్సిన్ ఎంతసేపు? చూసినవాళ్లెవరు?"

"సార్, అవన్నీ సప్లిమెంటరీలో ఉంటాయేమో సార్."

వాడు మంచి పిల్లాడే, కోడింగ్ బాగా వచ్చు. కానీ మామూలు కణంలో కూడా కొన్నిసార్లు ముడి విడినట్టు కనపడుతుంది. కణకేంద్రకం గుండ్రటి వస్తువు, దాన్ని గాజు మీద అణిచాం. డీఎన్ఏ సాగుతుంది, జారుతుంది. గడ్డ నుంచి కోసిన పొరైతే 4, 5 మైక్రాన్ల మందమే ఉంటుంది, కేంద్రకం అంతకంటే పెద్దది, కత్తి సగానికి కోసేస్తుంది, చుక్క ఒకటి పక్క పొరలో ఉండిపోతుంది. అందుకే జబ్బులేనివాళ్ల నమూనాలు కొన్ని తీసుకుని, ఏది ఏదో తెలియకుండా ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, తప్పుడు చీలికలు మన ల్యాబ్‌లో ఎంత శాతం వస్తాయో ముందు తేల్చుకోవాలి. ఆ పైన ఎంత వస్తే నిజమో అప్పుడు చెప్పగలం. ఇది రెండు మూడు రోజుల పని. ఆ రెండు మూడు రోజులు ఎవరికీ దొరకవు.

లెక్కపెట్టడం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. కెమెరా తానే తిరుగుతుంది, కంప్యూటర్ చుక్కల్ని పట్టుకుంటుంది, ఎక్సెల్‌లో అంకెలు పోస్తుంది. నేను పక్కన కూర్చుని, అదే స్లైడ్‌ని 100ఎక్స్ నూనె కటకం కింద పెట్టి, సన్న ఫోకస్ చక్రం మెల్లిగా తిప్పి చూపిస్తాను. పై పొరలో ఒక్క ఎరుపు. ఇంకాస్త కిందికి దిగితే దాని అడుగునే ఆకుపచ్చ. కంప్యూటర్ ఒక్క ఎత్తులో ఫొటో తీసి "ఆకుపచ్చ లేదు" అని రాసింది. ఎత్తులు మార్చి తీసే సదుపాయం దానికీ ఉంది, ఆన్ చేస్తే ఫైల్ పెద్దదవుతుందని ఆపేశారట. మా పాదరస దీపం రోజుల్లో ఎంతసేపు వెలిగిందో పుస్తకంలో రాసుకునేవాళ్లం, ఆర్పితే చల్లారేదాకా మళ్లీ వెలిగించేవాళ్లం కాదు, చుక్క వెలిసిపోతుందని చూసినంతసేపు చూసి షట్టర్ మూసేవాళ్లం. ఇప్పుడు ఎల్‌ఈడీ వచ్చింది, ఎంతసేపైనా చూడొచ్చు. చూసేవాడే లేడు.

ఈ చుక్కల వెనక ఎంత బరువుందో తెలియాలంటే మన ఊరి కథే చాలు. రౌలీ చెప్పిన ఆ 9, 22 మార్పిడి వల్ల పుట్టే జంట జన్యువు తయారుచేసే ప్రోటీన్‌కి అడ్డుపడే ఇమాటినిబ్ మందుకి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. హైదరాబాదు కంపెనీ నాట్కో 2003లో దాన్ని వీనాట్ పేరుతో తక్కువ ధరకి తెచ్చింది. ఆ మందు మూల కంపెనీ నోవార్టిస్ వేసిన పేటెంట్ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2013 ఏప్రిల్ 1న వీగిపోయింది. మందు అందుబాటులోకి వచ్చాక మిగిలే ప్రశ్న ఒక్కటే, ఆ మార్పిడి ఈ కణంలో ఉందా లేదా. ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పే పనిముట్లు ముందు పరిశోధనా ల్యాబుల్లోనే పుడతాయి, అక్కడే అశ్రద్ధ చేస్తే ఎలా?

ఇంకో వర్గం ఉంది. "ఫిష్ పని అయిపోయింది సార్, ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ వచ్చేసింది, జోడీ పేరు కూడా చెప్తుంది" అంటారు. చెప్తుంది, నిజమే. ఎవరితో పోయిందో చెప్పలేని బ్రేక్ అపార్ట్ కంటే ఆ విషయంలో అదే మేలు, ఒప్పుకుంటాను. కానీ మామూలు సీక్వెన్సింగ్‌లో కణాలన్నిటినీ కలిపి నూరేస్తారు. విరిగిన జన్యువు ఏ కణంలో ఉంది, పక్క కణంలో ఉందా లేదా, గడ్డలో ఏ మూల ఉంది అని అడిగితే ఆ ముద్ద పలకదు. రెండూ ఉంచుకోవాల్సిన పనిముట్లే. ఇక క్రోమోజోముల్నే నేరుగా చూసే పరీక్షది వేరే గొప్ప. ప్రోబ్ అడిగినదానికే జవాబు చెప్తుంది. క్రోమోజోముల్ని చూసేవాడికి అడగనివి కూడా కనపడతాయి. 1960లో ఫిలడెల్ఫియాలో ఆ పొట్టి క్రోమోజోమ్ కోసం ఎవరూ ప్రోబ్ వెయ్యలేదు, కళ్లు పెట్టి చూస్తే కనపడింది.

మారినవాటిలో మంచివి బోలెడు. రేడియోధార్మిక సీసాలు పోయాయి. నోటితో పిపెట్ పీల్చే అలవాటు పోయింది. ఫార్మమైడ్ ఘాటు తగ్గింది. రంగు నేరుగా ఎక్కిన ప్రోబ్‌లు వచ్చి, పొర మీద పొర వేసే పని తప్పింది. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను, ఆ ఎసిటిక్ ఆసిడ్ వాసన ఇంటికి పట్టుకెళ్లి మా ఆవిడ చేత తిన్న చీవాట్లు చాలు.

నేను అడిగేది ఇంతే. కొత్త ప్రోబ్ గానీ, పాత ప్రోబ్ కొత్త లాట్ గానీ వచ్చిన రోజు, విలువైన నమూనా మీద వేసేముందు, జబ్బులేని మనిషి రక్తంతో చేసిన ఒక్క మెటాఫేజ్ స్లైడ్ మీద వెయ్యండి. చుక్క చెప్పిన చోటే పడిందో లేదో చూసి, తేదీ, లాట్ నంబరు, చూసినవాళ్ల పేరు పుస్తకంలో రాయండి. మెటాఫేజ్ వెయ్యడం మరిచిపోతే చెప్పండి, వస్తాను. ఎండాకాలమైతే కెటిల్‌లో నీళ్లు పెట్టి ఉంచండి.